రేఖాదుర్గంలో మూడో బొగ్గు

నేను గీసిన గుర్రం గోడలోంచి దిగి నా ముందు నిలబడింది. ఇరవై ఏళ్ళుగా గుర్రాలు కొని అమ్ముతున్నవాణ్ణి. ఒక గుర్రాన్ని చూసి వెనక్కి అడుగు వేయడం అదే మొదటిసారి.

దాని కళ్ళు రెండూ కుడిపక్కనే ఉన్నాయి. ముందు కాళ్ళలో ఎడమది జానెడు పొట్టి. మెడ నూనెపీపాలా ఉబ్బింది. తోక నడుం మధ్యలోంచి మొలిచింది. నోరు గీయడం మరచిపోయానని అది నా వైపు తల తిప్పినప్పుడు గాని తెలియలేదు. అది సకిలించబోయింది. సకిలింపు బయటికి వచ్చే దారిలేక లోపలే తిరిగింది, మూత బిగించిన కుండలో కప్ప అరిచినట్టు.

"బావా, అది గుర్రమేనా?" అంది గోడమీది నుంచి సింగమ్మ.

సింగమ్మ నా భార్య. తొమ్మిది రోజులుగా ఆమె ఒక బొమ్మ.

అది రేఖాదుర్గం నడిమి మండపం. నూట ఎనిమిది నల్లరాతి స్తంభాలు, ఒక్కో స్తంభానికి చుట్టుకున్న వెండి నాగులు, వాటి పడగల్లో దానిమ్మ గింజల్లాంటి కెంపులు. పైకప్పు నడుమ పద్మాకారంలో ఒక రంధ్రం. అందులోంచి కరిగిన బంగారంలా జారే ఎండ. కింద, ముత్యాలు నూరి పరచినంత తెల్లటి ఇసుక. అందానికి ఏ లోటూ లేదు. గోడవైపు చూడకుండా ఉండగలిగితే చాలు.

గోడ పొడవునా మనుషుల బొమ్మలు. రాకుమారులు, నర్తకులు, సేనానులు, పల్లకీ బోయీలు. సగానికి పైగా బొమ్మలకు తలలు లేవు. కొన్ని నడుం దాకా చెరిగిపోయాయి. తూర్పు మూల వరుసగా పాదాలు మాత్రమే మిగిలాయి, గుమ్మం బయట విడిచిన చెప్పుల్లా.

ఇదంతా మాంత్రికుడు ఛాయాభుక్కు పని. మేము నలభై గుర్రాలతో శంఖవర రాజ్యానికి వెళుతుండగా గంధం వ్యాపారి వేషంలో మా విడిదికి వచ్చాడు. సింగమ్మ బొమ్మ గీసి ఇస్తానన్నాడు. ఊరికే ఇస్తానన్నవాణ్ణి నమ్మడం నా వృత్తిలో మహాపాపం. ఆ రోజు ఆ పాపం చేశాను. వాడు చివరి గీత గీయగానే సింగమ్మ కూర్చున్న పీట ఖాళీ అయింది. బొమ్మ ఉన్న బట్టను చుట్టి చంకలో పెట్టుకుని వాడు గాలిలో కలిసిపోయాడు. గుర్రాలను దారిలో వదిలేసి, ఏడు కొండలు దాటి, ఈ కోట వాకిట రాతిసర్పం కన్నుగప్పి లోపలికి వచ్చాను.

వాడు పట్టిన మనుషులను ఈ గోడకు ఎక్కిస్తాడు. వాళ్ళ రేఖలు తల దగ్గర మొదలై రోజుకింత కిందికి కరుగుతూ వాడి ఆయుష్షులో కలుస్తాయి. పాదాలు కూడా కరిగిపోతే ఆ మనిషి పుట్టనట్టే. నెలకోసారి వాడు వేటకు పోతాడు, అమావాస్య మధ్యాహ్నానికి తిరిగి వస్తాడు. అమావాస్యకు ఇరవై రోజులు ఉంది. సింగమ్మ నుదుటి మీది కురులు అప్పటికే లేవు.

"చెప్పానా లేదా?" అంది పోలవ్వ. "మొదట ఇసుకలో గీయి, చెయ్యి కుదిరాక గోడ ముట్టు అన్నాను. విన్నావా?"

పోలవ్వ ఒకప్పుడు శంఖవరం ఆస్థాన చిత్రకారిణి. ఇప్పుడు నడుం కిందంతా రాయి. పది వేళ్ళూ రాయి. తనకంటే బాగా గీస్తుందని మాంత్రికుడు ఆమెను అలా చేసి ఈ గోడకు చేతికందే దూరంలో నిలబెట్టాడు. కొప్పులో దాచుకున్న మూడు బొగ్గుముక్కలు మాత్రం వాడికి దొరకలేదు. అవి ప్రాణవృక్షం కాలిన బొగ్గులు, ఒక్కోటి ఒక్క బొమ్మకే సరి. పగటి వెలుతురులో ఈ గోడమీద ఆ బొగ్గుతో మనిషిని ఉన్నది ఉన్నట్టు గీస్తే, పాత బొమ్మలోని ప్రాణం కొత్త బొమ్మలోకి దిగి మనిషి బయటికి వస్తాడు. ఉన్నది ఉన్నట్టు గీయకపోతే వచ్చేది మరొకటి.

"గుర్రం నాకు బాగా తెలిసిన సరుకు కదా అవ్వా, దానితో చెయ్యి సరిచూసుకుందామని."

"తెలిసిన సరుకు అట్లా ఉందా?"

నాకు సిగ్గేసింది. నూరు బారల దూరం నుంచి చూసి ఏ గుర్రం ఏ కాలు కుంటుతుందో చెప్పగలను. అలాంటివాడి చేతికి ఒక గుర్రం రాలేదు. సిగ్గుకు తోడు తొందర. ఒక బేరంలో పోయింది వెంటనే ఇంకో బేరంలో రాబట్టాలనుకునే తొందర అది. ఎందరో వర్తకులను అదే ముంచింది. పోలవ్వ వద్దు వద్దంటున్నా రెండో బొగ్గు తీసుకుని సింగమ్మ బొమ్మ పక్కనే సింగమ్మను గీశాను.

ఈసారి నోరు మరచిపోలేదు. కళ్ళు కలువరేకుల్లా, ముక్కు సంపెంగ మొగ్గలా, పెదవులు దిద్దినట్టు గీశాను. నా చేతికి ఇంత పని వచ్చా అని నేనే మురిసిపోయాను.

"ఇదెవతె?" అంది సింగమ్మ.

"నువ్వే."

"నా పెళ్ళినాడు కూడా నేను ఇంత బాగా లేను బావా. ఎవరిని తలుచుకుని గీశావు?"

నేను జవాబు చెప్పేలోగా ఆ బొమ్మ గోడలోంచి బయటికి వచ్చింది. అపురూపమైన అందం. ఎండలో నిలబడింది, దానికి నీడ పడలేదు. కళ్ళు తెరిచి నన్నే చూసింది. నేను వందదాకా లెక్కపెట్టాను. రెప్ప పడలేదు. తర్వాత అది మెల్లగా నడిచి ఒక స్తంభం దగ్గర కూర్చుని, గోడమీది సింగమ్మ మాట్లాడినప్పుడల్లా తన పెదవులు కూడా అలాగే కదపడం మొదలుపెట్టింది.

"అది నేర్చుకుంటోంది," అంది పోలవ్వ గొంతు తగ్గించి. "నీ భార్య నోరు గోడమీద చెరిగిపోయిన రోజు, ఆ గొంతు దానికి వస్తుంది. పాదాలు చెరిగిన రోజు, ఆ పేరు కూడా దానిదే. ఇక ఒక్క బొగ్గు ఉంది, సెట్టీ."

మర్నాటి నుంచి ఇసుకలో కూర్చున్నాను.

మొదటి రోజు ముప్పై ముఖాలు గీశాను. ముప్పైలో ముప్పై నష్టం. రెండో రోజు నలభై. ఒక్కటీ ముఖం కాదు, వంకర గుమ్మడికాయలు. అయినా ఆ రెండు రోజులు నాకంత బాధ లేదు. ఇంకా కొత్త కదా అనుకున్నాను. నాలుగో రోజుకు బాధ మొదలైంది. ఏ గీత ఎక్కడ తప్పుతోందో నాకు కనిపిస్తోంది. కనిపిస్తున్నా చెయ్యి అక్కడే మళ్ళీ తప్పుతోంది. కన్ను రెండుసార్లు గీస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నదాన్ని సరిచేస్తే ముక్కు పక్కకు పోతుంది. ముక్కును లాగితే గడ్డం కనిపించకుండా పోతుంది. ఇటు గోడమీద సింగమ్మ కనుబొమలు చెరిగాయి. స్తంభం దగ్గర రెప్పవేయని కళ్ళు. వెనకనెక్కడో కుండలో కప్పలా గుర్రం మూలుగు.

అయిదో రోజు నేను గీసినవి మొదటి రోజుకన్నా హీనంగా కనిపించాయి. పుల్ల విరిచి పారేశాను.

"నాకు రాదు అవ్వా. కొందరికి పుట్టుకతో వస్తుంది. నాకు రాదు."

"నువ్వు గుర్రాల బేరంలో మొదటి ఏడాది ఎన్నిసార్లు మోసపోయావు?"

"పదకొండుసార్లు."

"రెండో ఏడాది?"

"ఆరు. కాని రెండో ఏడాదే ఎక్కువ భయపడ్డాను. ప్రతి గుర్రంలోనూ ఏదో లోపం ఉన్నట్టే కనిపించేది."

"అప్పుడు నీ కన్ను ముదిరింది, నీకు ధైర్యం చాలలేదు. ఇప్పుడూ అంతే. అయిదు రోజుల్లో నీ కన్ను నడక నేర్చింది, చెయ్యి ఇంకా పాకుతోంది. ముందు నడిచేవాడికి పాకేవాణ్ణి చూస్తే ఏడుపొస్తుంది. నీ బొమ్మ చెడిపోలేదు నాయనా, నీ చూపు బాగుపడింది. ఏడుపు రానివాడిని చూస్తే నాకు భయం. రెండో బొగ్గుతో గీసిన రోజు నువ్వు ఎంత మురిసిపోయావో గుర్తుందా?"

నేను స్తంభం వైపు చూశాను. అది నవ్వుతోంది.

"పుల్ల ఏరుకో," అంది పోలవ్వ. "ఈ పూట కళ్ళు వద్దు, ముక్కు వద్దు. ఒక్క చెవి. వంద చెవులు."

వంద చెవులు గీశాను. మర్నాడు వంద. ఆ చెవుల్లో ఎనభయ్యోదో తొంభయ్యోదో ఒకటి ఇసుకలోంచి నన్ను వింటున్నట్టు అనిపించింది. అంతే, మళ్ళీ పోయింది. రోజుకు నువ్వుగింజంత లాభం. ఒక్కోరోజు అదీ లేదు. నువ్వుగింజలు కూడబెట్టి గానుగ ఆడించిన వంశం మాది కాబట్టి ఊరుకున్నాను.

పోలవ్వ ఒక సంగతి నేర్పింది. గుర్రం కుంటుతుందో లేదో చూసేటప్పుడు నువ్వు కాలు చూస్తావా అని అడిగింది. లేదు, రెండు కాళ్ళ మధ్య ఖాళీ చూస్తాను, ఖాళీ ఒరిగితే కుంటు ఉన్నట్టే అన్నాను. మనిషి ముఖం కూడా అంతే అంది. చెవికీ మెడకూ మధ్య ఖాళీ, పెదవికీ ముక్కుకూ మధ్య ఖాళీ. ఖాళీని సరిగా గీస్తే మనిషి తనంత తానే వచ్చి అందులో కూర్చుంటాడు అంది. అది నాకు వెంటనే అర్థమైంది. చేతికి అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది.

పదో రోజు ఉదయం చూస్తే, ముందురోజు నేను ఇసుకలో గీసిన ముఖాలన్నీ చెరిపేసి ఉన్నాయి. మెడలు, భుజాలు అలాగే ఉన్నాయి. ముఖాలు మాత్రమే లేవు. ఒక్కో ముఖం ఉండవలసిన చోట ఒక అరచేయి ముద్ర. స్తంభం దగ్గర కూర్చున్నదాని అరచేతికి తెల్లటి ఇసుక అంటుకుని ఉంది.

"అది భయపడుతోంది బావా," అంది సింగమ్మ నేను ఆ సంగతి చెప్పగానే. అప్పటికి ఆమె కళ్ళు చెరిగిపోయాయి. మాట ఎక్కడో బావి లోపలి నుంచి వచ్చినట్టు వస్తోంది. "దానికి భయం పుట్టిందంటే నీ చెయ్యి దారిలో పడుతున్నట్టే. నువ్వు గీసినవి నిన్నటిదాకా చూశాను కదా. ఒక మాట చెప్పనా, కోపం తెచ్చుకోవు కదా?"

"చెప్పు."

"నువ్వు నన్ను సంతలో అమ్మకానికి పెట్టినట్టు గీస్తున్నావు. అమ్మే ముందు గుర్రానికి నూనె రాస్తావు చూడు, మచ్చ మీద జూలు దువ్వుతావు చూడు, అట్లా. నా మీద కూడా నూనె రాస్తున్నావు. నన్నెవరికి అమ్ముతావు? నన్ను కొనేవాడివి నువ్వే కదా. కొనేవాడు ఎట్లా చూస్తాడో అట్లా..."

అక్కడ ఆమె నోరు చెరిగిపోయింది. నేను చూస్తుండగానే, వాన పడ్డ ముగ్గులా.

తర్వాత నా వెనకనుంచి, సింగమ్మ గొంతుతోనే, మెత్తగా:

"బావా."

తిరిగి చూశాను. స్తంభం దగ్గరిదే.

"ఎందుకు ఇంత కష్టం? నేనున్నాను కదా. చూడు, నాకు మచ్చ లేదు. పన్ను విరగలేదు. వయసు రాదు, రోగం రాదు. నన్ను తీసుకుని వెళ్ళిపో. వాడు తిరిగి వచ్చేలోపు కొండ దిగిపోవచ్చు."

నిజం చెప్పాలి. ఒక రెప్పపాటు నా బుర్ర లెక్క వేసింది. చేతిలో ఉన్న సరుకు, దానికి లోపం లేదు. అటు చూస్తే సగం చెరిగిన సరుకు, దొరుకుతుందో లేదో తెలియదు. ఏ వర్తకుడైనా ఏది ఎంచుకుంటాడు? ఆ లెక్క నా తలలో అంత తేలిగ్గా కుదిరినందుకు, ఆ కోటలో చూసిన అన్నిటికంటే నాకు నేనే ఎక్కువ భయం కలిగించాను.

పుల్ల తీసుకున్నాను.

కొనేవాడు మొదట లోపాలు చూస్తాడు. సింగమ్మ ఎడమ రెప్ప కొంచెం వాలుగా ఉంటుంది, నిద్ర తీరనట్టు. ముక్కు కుడివైపుకు ఒరుగుతుంది. ముందుపన్ను కొన విరిగింది, తడిసిన పగ్గం ముడి పళ్ళతో విప్పబోయి. నీళ్ళతిత్తి మోసిమోసి ఎడమ భుజం దిగింది. కుడిచెవి తమ్మె చీలి ఉంటుంది, మా పెళ్ళయిన ఏడాది ఒక కొంటె గుర్రప్పిల్ల ఆమె కమ్మ పట్టి లాగింది. ఇరవై ఏళ్ళు పక్కన ఉన్న మనిషి. ఇవన్నీ నాకు తెలుసు. ఒక్కటీ నేను ఇన్నాళ్ళూ గీయలేదు.

ఆ లోపాల దగ్గర మొదలుపెట్టి గీశాను. మొదట చీలిన తమ్మె. దాని నుంచి మెడకు ఖాళీ. అక్కడి నుంచి దవడ. ఆ తర్వాతి తొమ్మిది రోజుల్లో సింగమ్మ ముఖం ఎన్ని వందలసార్లు గీశానో నాకే తెలియదు. చీలిన చెవి ఒక్కటే రెండు వందలకు తక్కువ కాదు. ఆమె ముఖం గోడమీద పూర్తిగా చెరిగిపోయాక కూడా గీశాను. ఉదయానికి ఇసుక మీద అరచేయి ముద్రలు. మళ్ళీ గీశాను. చెరిపేకొద్దీ మళ్ళీ గీయడమే కదా సాధన. అది తెలియక ఆ మాయముఖం నాకు సాయం చేసింది.

పంతొమ్మిదో రోజు ఎండ రంధ్రంలోంచి నిలువుగా పడుతున్న వేళ, కొండ కింద శంఖం మోగింది.

అమావాస్యకు ఇంకా ఒక రోజు ఉంది. నా లెక్క తప్పలేదు. వాడే వేళ తప్పాడు.

"మూడు శంఖాలు," అంది పోలవ్వ. "మొదటిది కొండ కింద. రెండోది కోట వాకిట. మూడోది ఈ గుమ్మంలో. లే."

మూడో బొగ్గు తీసుకుని గోడ ముందు నిలబడ్డాను. సింగమ్మ బొమ్మలో నడుము పైన ఏమీ మిగల్లేదు. కుచ్చిళ్ళు, పాదాలు, మోకాలి పక్కన వేలాడే ఎడమచేయి, దానికి నాలుగు గాజులు. అంతే. చూసి గీయడానికి ముఖం లేదు.

బొగ్గు గోడకు ఆనించి చెవి మొదలుపెట్టబోయాను.

"అటు కాదు బావా," అంది వెనకనుంచి సింగమ్మ గొంతు. "చీలింది ఎడమ చెవి కదా. మరచిపోయావా? ఆ గుర్రప్పిల్ల నా ఎడమపక్కన కదా నిలబడింది?"

నా చెయ్యి ఆగింది. ఎడమా? ఆ రోజు గుర్రప్పిల్ల ఎటు నిలబడింది? తలచుకునేకొద్దీ రెండు వైపులా కనిపించింది. ఆమె గొంతే చెబుతోంది. గోడమీద చూద్దామంటే చెవి లేదు. తప్పు చెవి గీస్తే వచ్చేది సింగమ్మ కాదు. ఇక నాలుగో బొగ్గు లేదు.

కోట వాకిట రెండో శంఖం మోగింది. స్తంభాల మీది వెండి నాగులు ఒక్కసారి బుసకొట్టి పడగలు తిప్పాయి.

నేను కళ్ళు మూసుకున్నాను. బుర్రను అడగడం మానేశాను. ఇసుకలో రోజూ చేసినట్టే చేతిని వదిలేశాను. రెండు వందలసార్లు నడిచిన దారి. చెయ్యి తనంత తాను కుడికి వెళ్ళింది.

కళ్ళు తెరిచేసరికి గోడమీద సింగమ్మ కుడిచెవి ఉంది. చీలిన తమ్మె. అది వింటోంది.

తర్వాత ఇక ఆగలేదు. మెడ ఖాళీ, దవడ, ఒరిగిన ముక్కు, వాలిన రెప్ప. వెనకనుంచి ఒక చేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. బూడిదంత తేలిక, బావి రాయంత చలి. ముఖం నా చెవి దగ్గరికి వచ్చింది. "పన్ను విరగగొట్టకు బావా, అందం పోతుంది," అంటూ నా చేతిని కిందికి నొక్కింది. బొగ్గు గోడమీద జారబోయింది.

అంతలో అది వెనక్కి విరుచుకుపడింది. పోలవ్వ ముందుకు వంగి దాని జుట్టు తన రాతివేళ్ళకు మెలివేసి పట్టుకుంది.

"గీయి సెట్టీ. ఈ వేళ్ళు గీయలేవు గాని పట్టగలవు."

విరిగిన పన్ను గీశాను. ఆ గీత పడగానే మాయముఖం పెదవులు మసిలా జారాయి. దిగిన భుజం గీశాను. దాని భుజాలు రాలాయి. కుడిచేయి, నడుము, కుచ్చిళ్ళు, పాదాలు. పాత బొమ్మలో మిగిలిన గీతలు ఒక్కొక్కటీ కొత్తదానిలోకి పాకాయి. పోలవ్వ వేళ్ళ మధ్య చివరికి గుప్పెడు మసి మిగిలింది. ఇక ఎడమచేయి. భుజం నుంచి మోచేయి దాకా గీశాను. నా వేళ్ళ మధ్య బొగ్గు నలిగి పొడైపోయింది.

సింగమ్మ గోడలోంచి బయటికి వచ్చింది. ఊపిరి పీల్చింది. ఆమె కాళ్ళ దగ్గర నల్లటి నీడ పడింది. ఆ నీడను చూసి నాకు కన్నీళ్ళు వచ్చాయి. సింగమ్మ నాలుకతో పన్ను తడిమి చూసుకుంది.

"విరిగినట్టే ఉంది," అంది. తర్వాత ఎడమ మోచేయి వైపు చూసుకుంది. అక్కడితో చేయి ఆగిపోయింది. నెత్తురు లేదు, గాయం లేదు. గీత అయిపోయింది, అంతే. పాత బొమ్మ ఉన్న చోట గోడమీద ఒంటరిగా ఒక చేయి, నాలుగు గాజులు.

మూడో శంఖం గుమ్మంలో మోగింది.

ఛాయాభుక్కు అసలు రూపం నేను అప్పుడే చూశాను. తాటిచెట్టంత పొడవు, కత్తి వాదరంత సన్నం. పక్కకు తిరిగితే కనిపించడు. ముఖంలో క్షణానికో ముఖం మారుతోంది, అన్నీ గోడమీద చెరిగిపోయినవాళ్ళవే. వేలి కొనల నుంచి నల్లటి గీతలు నేలమీద పాములై పాకుతున్నాయి.

"సెట్టీ," అన్నాడు, నూరు గొంతులతో. "నా గోడమీద వ్రాత ఎవడు నేర్పాడు నీకు?"

"బేరాలు తర్వాత," అంది సింగమ్మ నా చెయ్యి లాగి. "గుర్రం ఏది?"

గుర్రం ఉంది. మేత అడగని, నోరు లేని, పంతొమ్మిది రోజులుగా మూలన మూలుగుతున్న గుర్రం. పోలవ్వ వైపు చూశాను.

"నన్ను ఎత్తగలవా? వెళ్ళు," అంది ఆమె. "నల్లమడుగు దీవిలో ప్రాణవృక్షం ఇంకొకటి ఉంది. బొగ్గు తెచ్చి ఆ చెయ్యి గీయాలి. దానికంటే ముందు వంద చేతులు ఇసుకలో గీయి. మొదటి వంద పాడవుతాయి, తెలుసుగా?"

సింగమ్మను ఎక్కించి నేను ముందు కూర్చున్నాను. మాంత్రికుడు చెయ్యి విదిలించాడు. నల్లగీత ఒకటి ఉరిలా చుట్టుకుంటూ వచ్చింది. గుర్రం అన్నది ఎటు దూకుతుందో వాడికి తెలుసు, ఉరి సరిగ్గా అక్కడే పడింది. కాని నా గుర్రం అటు దూకలేదు. ఎడమకాలు జానెడు పొట్టి. అది ఎడమకు కూలబడినట్టు కూలబడి, గిరుక్కున తిరిగి, తోక ఉండకూడని చోట తోక ఊపుతూ స్తంభాల మధ్యనుంచి ఉరికింది. ఏ గుర్రమూ అట్లా నడవదు. దాని తప్పులన్నీ నావే కనుక ఎటు ఒరుగుతుందో నా ఒక్కడికే తెలుసు. ఎడమపక్క దానికి కళ్ళు లేవు, కాబట్టి ఎడమకు నేను చూశాను, కుడికి అది చూసింది. రెండో ఉరి, మూడో ఉరి వట్టి గాలిని బిగించాయి. గుమ్మంలో వాడి పక్కగా దూసుకుపోయాం. వాకిట రాతిసర్పం తల ఎత్తేలోపు దాని మీదినుంచి దాటాం.

కొండ సగం దిగాక వెనక్కి చూశాను. ఎవరూ తరమడం లేదు. కోట గుమ్మం నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. వాడు మా వెంట రాలేదు.

లాభనష్టాలు లెక్క వేసుకున్నాను. సింగమ్మ వచ్చింది, ఒక చేయి తక్కువ. గుర్రం ఉంది. దారి తెలుసు. వాడు ఎందుకు తరమలేదన్నది మాత్రం లెక్కకు అందలేదు. చేతికి దొరికిన సరుకును ఊరికే వదులుకునేవాడు కాదు వాడు.

సింగమ్మ నా వీపుకు ముఖం ఆనించింది. ఆమె ఒళ్ళు వణుకుతోంది.

"చలా?" అన్నాను.

"కాదు," అంది. "బావా, నా ఎడమచేయి అక్కడే ఉంది కదా, గోడమీద?"

"ఉంది. వెనక్కి వస్తాం. గీస్తాను."

"దాన్ని ఎవరో పట్టుకున్నారు," అంది సింగమ్మ. "గాజులు తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెడుతున్నారు."